మంచి గుండె నమూనా

అరవై తొమ్మిదిలో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, చిక్కడపల్లిలో మా సందు చివరి డాక్టరు గారు నా ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, "గుండెలో ఏదో అదనపు చప్పుడుంది. పుట్టుకతో వచ్చిన లోపం కావచ్చు. బరువులు మోయనివ్వకండి" అన్నారు. నా దశ తిరిగింది.

మాది మేడ మీద కిరాయి ఇల్లు. నల్లా కింద వాకిట్లో. అప్పటిదాకా నేనూ, నాకంటే రెండేళ్ళు పెద్దదైన అక్కా చెరో బకెట్ మోసేవాళ్ళం. ఆ రోజునుంచి రెండూ అక్కవే. నేను మెట్ల మీద కూర్చుని, "అక్కా, నీళ్ళు ఒలుకుతున్నయ్" అని అజమాయిషీ చేసేవాణ్ణి. లెక్కల్లో సున్నా వచ్చినా, "పోనియ్యి, గుండె బాగలేని పోరడు" అనేది అమ్మ. అలాంటి జబ్బును ఎవడు వదులుకుంటాడు?

పన్నెండేళ్ళు హాయిగా గడిచాయి. ఆఖర్లో అక్క సగం మెట్ల మీద ఆగి ఆయాసపడితే, "తమ్ముణ్ణి చూసి నాటకాలు నేర్చినవా?" అని అమ్మ కసిరేది. నేనూ నవ్వేవాణ్ణి.

అంతలో నారాయణగూడలో ఒక డాక్టరమ్మ దగ్గరికి గుండెను తెర మీద చూపించే అల్ట్రాసౌండ్ యంత్రం వచ్చింది. అమ్మ నన్ను పంపింది, తోడు అక్క. ఏమీ లేదంటే నా గతేమిటని నాకు ఒకటే దిగులు.

డాక్టరమ్మ ఛాతీకి చల్లటి జిగురు పూసి, చాలాసేపు చూసి, "నిక్షేపంగా ఉంది బాబూ. అలాంటి చప్పుడు చాలామంది పిల్లలకుంటుంది" అంది. నాకు ఒళ్ళు మండింది.

"మీ మిషిన్ల ఏమన్న ఖరాబుందేమో మేడమ్. మంచి గుండె ఎట్లుంటదో మా అక్కది జర చూపియ్యండి. రోజూ నీళ్ళు మోస్తది."

డాక్టరమ్మ నవ్వి, నన్ను బయట కూర్చోబెట్టి, అక్కను పడుకోమంది. కాసేపటికి లోపల నవ్వులు ఆగిపోయాయి.

"మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అమ్మా?"

"వస్తది. అమ్మ నాటకాలంటది."

అక్క గుండె పైగదుల మధ్య గోడలో పుట్టుకతోనే రంధ్రముంది. అందులోనూ అరుదైన రకమట. ఇన్నేళ్ళూ గుట్టుగా ఉంది. ఆపరేషను చేసి మూసేశారు. అక్క ఇప్పటికీ నన్ను గట్టిగా తిట్టగలదు.

కానీ నాకు బాగా గుర్తున్నది పరీక్ష అయిన మర్నాటి పొద్దున. రెండు బకెట్లతో మెట్లెక్కుతున్నాను. అక్క నా పాత చోట్లో కూర్చుని, "తమ్మీ, నీళ్ళు ఒలుకుతున్నయ్" అంది.

సిగ్గుతో ఏడుపొచ్చింది. తుడుచుకుందామంటే రెండు చేతులూ ఖాళీ లేవు.