మైనస్ ఇరవై ఎనిమిది

ఈ ఉదయం ఆరూ నలభైకి, పాలు పొయ్యి మీద పెట్టి నిలబడి ఉండగా, మా పెదనాన్నగారి అల్లుడు ఫోన్ చేశారు. ఆదివారం చర్చిలో అన్నయ్య జ్ఞాపకార్థ కూడికలో క్షమాపణ గురించి రెండు మాటలు చెప్పనా అని అడిగారు.

ఆ బావగారూ, అన్నయ్యా, నేనూ ఒకప్పుడు అమలాపురంలో ఒక రొయ్యల మేత కంపెనీ కంప్యూటర్ గదిలో పనిచేసేవాళ్ళం. ప్రోగ్రాములు బావగారివి, ఏ ఫైలు ఎవరు తెరవవచ్చో చూసే అనుమతుల పని అన్నయ్యది. ఒకరోజు రైతుల ఆర్డర్లు సర్వర్‌లో చేరకుండా పోయి, తెర మీద "అనుమతి లేదు" అని వచ్చింది. బావగారు అందరి ముందూ అన్నయ్యను వేలెత్తి చూపించారు. ఉద్యోగం పోయింది. ఆ మచ్చ చెరగకుండానే అన్నయ్యా పోయాడు.

తర్వాత ఆ ప్రోగ్రాము నా చేతికి వచ్చింది. మా తరంలో ఈ పని చేసినవారికి తెలిసిందే: అడిగిన పని జరగకపోతే, కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రాము కెర్నెల్, కారణాన్ని ఒక రుణసంఖ్యగా వెనక్కి ఇస్తుంది, దానికీ మన ప్రోగ్రాముకూ మధ్య ఉండే లైబ్రరీ అనే సాయపు ప్రోగ్రాము మనకు మైనస్ ఒకటి మాత్రం అందించి అసలు కారణాన్ని పక్కన ఒకచోట ఉంచుతుంది. ఆ చోటు ఒక్కటే. ఇంకో పని విఫలమైతే పాత కారణం మీద కొత్తది పడుతుంది. ఆ రోజు డిస్కు నిండిపోయింది. కెర్నెల్ మైనస్ ఇరవై ఎనిమిది అనే చెప్పింది, అంటే చోటు లేదని. బావగారి ప్రోగ్రాము దాన్ని చూసుకోకుండా, జరిగినవి రాసిపెట్టే, తాను తాకకూడని లాగ్ ఫైలు తెరవబోయి, అక్కడ వచ్చిన "అనుమతి లేదు"ను అసలు కారణంగా చూపించింది. ఆ ప్రోగ్రాము పాత ప్రతులు తిరగేస్తే, అన్నయ్యను పంపేసిన వారంలోనే ఆయన ఆ వరుసలు ముందువెనకలు చేసి సరిదిద్దుకున్నట్టు తేలింది. తెలిసే ఊరుకున్నారు.

చాటుగా అడగలేదు నేను. అందరూ ఉన్నప్పుడు పాత ప్రోగ్రామును నిండిన డిస్కు మీద నడిపి, కెర్నెల్ ఇచ్చిన ప్రతి జవాబునూ పెద్ద తెర మీద పెట్టాను. లెక్కల గుమాస్తాగారు నవ్వారు.

"అది ముందే చెప్పిందండి పాపం, తమరే వినిపించుకోలేదు."

"పోయినోడి కోసం బతికున్నోణ్ణి అల్లరిపెడతావేంటమ్మా?" అన్నారు బావగారు నాతో.

"అన్నయ్య బతికుండగా మీరు చేసింది అదేగా అండీ."

ఆ నెలలోనే ఆయనా ఉద్యోగం వదిలి వెళ్ళారు. నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ లేదు. పొద్దున్న ఫోన్‌లోనూ, రండి, ముందు ఆ సంగతి పాస్టరుగారి ముందు చెప్పి తర్వాత క్షమాపణ గురించి మాట్లాడండి అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశారు.

ఇప్పటి కొత్త ప్రోగ్రామింగ్ భాషలు కొన్ని, విఫలమైన పనిని కారణంతో సహా చేతిలో పెట్టి, చూడకపోతే హెచ్చరిస్తాయి. అన్నయ్య ఉంటే సంతోషించేవాడు. బావగారు వస్తున్నారంటే ఆ రోజుల్లో అరుగు మీదివాళ్ళమంతా లేచి నిలబడేవాళ్ళం. ఇప్పుడు ఆయన కోసం మా ఇంట్లో ఎవరూ లేవరు.