అత్త భుజానికి ఏడు రోజుల పత్తెం

ఇరవై రెండేళ్లు మా అత్త దుర్గాంబకి కూడొండి పెట్టింది నాను. ఏ కూరకి మూతి ముడుస్తాదో, ఏ వానకి ఏ కాలు లాగుతాదో నాకు తెలుసు. అలాంటిది నిన్న గాక మొన్నొచ్చిన మ సాందా ఆవిడ మంచం పక్కన తిష్ఠ వేస్తే ఒళ్లు మండదా? మండింది. దాచుకోడం దేనికి.

మ సాందా నా మరిది అమర్ పెళ్లాం, బర్మా పిల్ల. వాళ్లలో ఆడవాళ్ల పేరుకి ముందు మ, పెద్ద మగాళ్ల పేరుకి ఊ చేరుస్తారు. రెండేళ్లలో మన తెలుగు కూడా నేర్చేసుకుంది. రంగూన్ శివారు మింగళాడోన్‌లో మాదంతా ఒకటే ఇల్లు. మొన్న వానల్లో అత్త బస్సు దిగబోయి జారిపడింది, కుడి భుజం కీలు తప్పింది. ట్వంటే ఊళ్లో ఎముకలు సరిచేసే ఊ తెయిన్ దగ్గరికి తీసుకెళ్లాం. ముసలాయన ఒక్క లాగు లాగి కీలు కూచోబెట్టాడు. ఆకుపసరుతో కట్టు కట్టి, చేతిని గుండెకి ఆనించి బిగించాడు. ఏడు రోజులు నీళ్లు తగలకూడదన్నాడు, ఫేను గాలి కూడదన్నాడు, పులుపు అస్సలు కూడదన్నాడు. రెండు పూటలా కట్టు విప్పి, అరచేతులు కుంపటి సెగకి కాచుకుని నూనె రాయాలన్నాడు. ఇదంతా ఎవరికి చెప్పాడు? పెద్దకోడలు నాను పక్కనే దుంగలా నిలబడి ఉంటే, ఆ సాందాకి చెప్పాడు. నాకు బర్మా మాట రాదా ఏటి? నాను పుట్టింది ఈ రంగూన్‌లోనే.

ఆ రోజు నుంచీ ఆ గది దాని రాజ్యం. నూనె అదే రాస్తాది, జావ అదే తాగిస్తాది, తల అదే దువ్వుతాది. అత్త కూడా సాందా, సాందా అని ఒకటే జపం. నాను గుమ్మంలోకెళ్తే మాత్రం బట్టలారేశావా అని అడిగేది. వంటింట్లో గిన్నెలు నా చేతిలో కాస్త గట్టిగానే మోగేవి.

అయిదో రోజు సాందా బజారుకెళ్లింది. అత్త నన్ను సైగ చేసి పిలిచింది.

"రత్నం, నోరు చచ్చిపోనాదే. రవంత గోంగూర పెట్టవే. దానికి చెప్పకు."

దానికి చెప్పకు అంది! అన్ని రోజుల తర్వాత ఆవిడకీ నాకూ మధ్య ఓ గుట్టు. పత్తెం సంగతి మర్చిపోయానని అబద్ధమాడను. గుర్తుండే అటక మీంచి జాడీ దించాను, నాలుగు ముద్దలు కలిపి నా చేత్తోనే పెట్టాను. ఆవిడ చప్పరిస్తూ తింటుంటే నాకు కడుపు నిండిపోయింది.

మర్నాడు భుజం వాచిపోయింది. కబురెడితే ఊ తెయిన్ బస్సు పట్టుకుని వచ్చాడు. వాపు నొక్కి చూసి, పులుపు పెట్టిందెవరని సాందాని నిలదీశాడు. అత్త అడ్డం పడి, తానే జాడీ దించుకుని తిన్నానంది. ఒంటి చేత్తో అటక మీది జాడీ దించేదెలా? అది అబద్ధమని ఇంట్లో ఎవరికి తెలీదు?

సాందా నా వైపు చూసింది. నాను తలొంచుకున్నాను. అప్పుడది చేతులు జోడించి, చూసుకోకపోడం తన తప్పేనని, మళ్లీ ఏడు రోజులూ మొదట్నుంచి చేస్తానని చెప్పింది. ఆయన దాన్ని చెడామడా తిట్టాడు. పడింది. నాను నోరు విప్పితే అయిపోయేది, విప్పలేదు. సిగ్గేసింది నిజమే. కానీ దాని మంచితనం చూస్తే ఇంకా కుళ్లొచ్చింది.

సాయంత్రం సాందా నూనె గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టి, "మమా, ఈ పూట మీరు రాయండి," అంది. మమ అంటే అక్క. దెప్పుతోందేమోనని మొహంలోకి చూశాను. దెప్పడం లేదు. దెప్పినా బాగుండేది.

అరచేతులు కాచుకుని, అత్త వెనకాల కూచుని రాశాను. మనసు పెట్టి రాశాను. ఆవిడ ఒంట్లో బిగువంతా వదిలింది. వెనక్కి తిరక్కుండానే అంది:

"సాందా, నీ చెయ్యి తగిల్తేగానీ నాకు ప్రాణం లేచిరాదే తల్లీ."

నాను రత్నాన్నని చెప్పలేదు. చెప్తే ఆ మాట వెనక్కి తీసుకుంటాదని భయమేసింది. రాస్తూనే ఉన్నాను.