బానెట్ మీద నాయన చెయ్యి

మూడేండ్లుగా ధర్మవరం ఎండకు నిలబడి మా ఎర్ర కారు సున్నం కొట్టినట్ల తెల్లబారిపోయింది. ఈ పొద్దు ఆదివారం కదాని రంగు తేల్చే పేస్టు, రబ్బింగ్ కాంపౌండ్ తెచ్చి, ముందు బానెట్‌ను చేతులు పడిపోయేదాకా గుండ్రంగా రుద్దినా. ఎరుపు వచ్చింది గానీ, బానెట్ నిండా సాలెగూడు మాదిరి సన్నటి గీతలు!

అరుగు మీద మా నాయన కూర్చోనుండాడు. నలభై ఏండ్లు పట్టుచీరలు నేసిన మనిషి. చూపు తగ్గి పోయినేడు మగ్గం వదిలినప్పట్నుంచి ఏ పనికీ చెయ్యి పెట్టలేదు, మాట కూడా తక్కువే.

అట్లాంటాయన లేచొచ్చి, కండ్లు మూసుకుని బానెట్ మీద అరచేయి నిదానంగా జరిపినాడు. మగ్గం మీద చీరలో ముడి ఉందేమోనని అట్లే తడిమేవాడు.

"ఏమప్పా, ఈడంతా గరుకుండాది. సుడి తిప్పితే ఇట్లే అయితాది. పోగు పోయినట్ల ఒకే దిక్కు రుద్దల్ల."

"ఇది చీర కాదు నాయనా, రేకు!"

"నువ్వు పక్కకు జరుగు ముందు."

తన పాత మెత్తటి పంచె చించి, కాంపౌండ్ చుక్క పెట్టి, నిలువుగా, తేలిగ్గా రుద్దుతా పోయినాడు. గంటకు గీతలు మాయం. వ్యాక్స్ పూసి తుడిస్తే ఎదురింటి గోడ బానెట్‌లో కనబడింది. నాకు. ఆయన మాత్రం మళ్లీ తడిమి చూసి నవ్వినాడు.

"దీనికి తలుపులెన్ని?"

"నాలుగు."

"రోజుకొకటి చేస్తా."

మీ ఇండ్ల ముందర వెలిసిపోయిన కార్లుంటే చెప్పండి. ఈ వారం మాత్రం అడగొద్దు, మా నాయనకు తీరిక లేదు.