ఎర్ర పీట

పదకొండేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. బొమ్మల మాట ఎవరెత్తినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటాను. మీరు నన్ను ఎరగరు కనుక మీతో చెప్పగలుగుతున్నాను.

బర్మాలోని యాంగోన్‌లో, పజుండౌంగ్ వాగు దగ్గర నాది సైన్‌బోర్డుల షాపు. మా పనిలో ఒక పద్ధతి ఉంది. బోర్డు ఎవరు రాసినా పేరు షాపు యజమానిదే. షాపు వెనకే ఇల్లు. అమ్మ పోయినప్పటినుంచి అక్కే మాకందరికీ వండిపెట్టింది. తన సంగతి ఎవరం అడగలేదు. డబ్బాల అడుగున మిగిలిన రంగులతో, పాడైన ప్లైవుడ్ ముక్కల మీద, వంటింటి సామాను బొమ్మలు వేసేది. కెటిల్, చీపురు, రోకలి. అన్నీ వంకరే. ఒక్కదానికీ దాని అసలు రంగు ఉండేది కాదు. నేను నవ్వేవాణ్ణి.

ఒకరోజు బొమ్మలు నేర్పే బర్మా టీచరమ్మ ఒకామె బోర్డు రాయించుకోవడానికి వచ్చి, గోడకు ఆనించిన ముక్క ముందు ఆగిపోయింది. అక్క కూర్చుని వండే పొట్టి పీట బొమ్మ అది. మంటలా ఎర్రగా ఉంది. కాళ్లు నేలలోకి దిగబడిపోయాయి. చుట్టూ నలుపు. ఎక్స్‌ప్రెషనిస్టు చిత్రాలు ఇలాగే ఉంటాయంది. వస్తువు ఎలా కనబడుతుందో కాదు, వేసేవాళ్ల గుండెలో ఏముందో వేస్తారట. ఎవరు వేశారని అడిగింది.

నేనే అన్నాను.

ఎందుకలా అన్నాను? షాపు అలవాటని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కాదు. ఇరవై ఏళ్లు నేను రాసిన బోర్డుల ముందు ఎవరూ అలా నిలబడలేదు, నేను నవ్విన ముక్క ముందు నిలబడ్డారు, అది నేను ఓర్వలేకపోయాను. అక్కడితో ఆగినా బాగుండేది. అందులో ఉన్న భావం ఏమిటని ఆమె అడిగితే, మా ఇంటి శాంతి అని చెప్పాను. టీ గ్లాసులతో అక్క గుమ్మంలోనే ఉంది. తనకు బర్మీస్ నాకన్నా బాగా వచ్చు.

ఆ చిత్రం నా పేరుతో ప్రదర్శనకు వెళ్లింది. కింద ‘శాంతి’ అని రాసిపెట్టారు. మా తెలుగు చర్చిలో పాస్టరు అయ్యగారు ఆ సంగతి చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. అక్క కూడా కొట్టింది. ఇంటికొచ్చాక ఒక్కసారే అడిగింది.

“నా పేరు సెప్పకపోతే పోనీరా. అది శాంతని ఎందుకు సెప్పినావు? నాకు కోపమొచ్చి ఏసినాను.”

“ఎవరి మీదక్కా?”

“ఇన్నేళ్లూ ఆ పీట మీద కూకుని వండినాను. ఒక్కపాలైనా, ‘లేచి మాతో కూకుని తినక్కా’ అన్నావేటి?”

తను మళ్లీ బొమ్మ వెయ్యలేదు.

ఇప్పటికీ తనే వండుతుంది. క్షమించమని అడగనా? అడిగితే పోనీలే అంటుంది, ఆ ఒక్క మాట పట్టుకుని నేను హాయిగా తిరుగుతాను. అది రెండో దొంగతనం. అందుకే అడగను. ఉన్నమాట రాస్తున్నాను, గుండె కాస్త తేలికపడుతోంది, అంతే.

ఆ చిత్రం నేను వెయ్యలేదు. దాని పేరు శాంతి కాదు. వేసింది మా అక్క రూతమ్మ, నా మీద కోపంతో.