కొత్త కంపెనీకి ఎవరు చెప్పారు

మా సేటు ట్రాన్స్‌పోర్ట్ కంపెనీని అమ్మేసిన సంగతి ఆయన మాకు చెప్పలేదు. ఎదురుగా ఉన్న టైర్ల షాపతను చెప్పాడు. అప్పటికి కొన్ని వారాలుగా ఇద్దరు మనుషులు పటాన్‌చెరులోని మా యార్డుకు వచ్చి లారీలకు ఫోటోలు తీసుకుపోతున్నారు. అడిగితే సేటు, "ఇన్సూరెన్సోళ్లు బేటీ, నువ్వు పరేషాన్ గాకు" అన్నారు. ఆయన దగ్గర లోడ్ల బుకింగ్ చూసే నేను ఆ మాట నమ్మాను.

కొన్న పెద్ద కంపెనీ మాతో మొదలుపెట్టలేదు. బొంతపల్లి దగ్గర మాకు ఎప్పుడూ పోటీకి వచ్చే ట్రాన్స్‌పోర్టును మాకంటే ముందే కొన్నదట. ఆ సంగతి తెలియక ఆ వేసవంతా వాళ్ల లోడ్లు మేము, మా లోడ్లు వాళ్లు గుంజుకుంటూ ఫోన్లలో తిట్టుకున్నాం. ఇద్దరి యజమానీ ఒకరేనని తెలిసిన రోజు ఆ ఆఫీసు క్లర్కు నాకు ఫోన్ చేసి, "మరి మనల్ని ఎందుకు కొట్లాడనిచ్చిన్రు మేడం?" అని అడిగాడు. ఆ తర్వాత కొత్తవాళ్లు ఏం చేసినా దాని వెనక ఇంకేదో ఉందనిపించేది.

వాళ్లు పంపిన మేనేజర్ చాలా మర్యాదస్తుడు. నాకు అదే నచ్చలేదు. "భోంచేశారా అండీ" అని డ్రైవర్లను కూడా అడిగేవారు. మాట కోస్తా వైపుది. మా నాన్న కూడా ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి అటునుంచే వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. అయినా మేనేజర్ నాతో అక్కడి ఊళ్ల సంగతులు ఎత్తినప్పుడల్లా డ్రైవర్లు మా వైపు అదోలా చూసేవాళ్లు. ఆయన నా కుర్చీని తన అద్దాల గదిలోకి మార్పించారు. లారీ కేబిన్లలో కెమెరాలు పెట్టించారు. నడిపే తీరు బాగోకపోతే ఫోన్ చేయమంటూ ప్రతి బండి వెనకా ఒక నంబరు రాయించారు. నేను టీకి బయటికి వెళితే చాలు, బెంచీ మీద మాటలు ఆగిపోయేవి.

ఆ బెంచీ మీద జరిగి నాకు చోటిచ్చే మనిషి ఒక్కడే మిగిలాడు. ఇస్మాయిల్‌ఖాన్‌పేటాయన. సేటు మొదటి లారీ కొన్నప్పటి నుంచీ డ్రైవరు. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లె అనేవాడు. మందుల ఫ్యాక్టరీలకు రసాయనాల ట్యాంకర్ తోలేవాడు. చిన్న నిప్పురవ్వ పడినా అంటుకునే సరుకు. ఆ బండిని సేటు ఇంకెవరికీ ఇచ్చేవారు కాదు.

ఒక మధ్యాహ్నం మేనేజర్, కాగితాలు చూస్తూనే, "ఆ ట్యాంకర్ తోలే ఆయన ఆరోగ్యం ఎలా ఉంటుందండీ?" అని అడిగారు.

"బాగానే ఉంటారు సార్. ఎందుకు?"

"ఏం లేదు, ఊరికే."

ఇద్దరం తలెత్తి బయటికి చూశాం. అద్దం అవతల నుంచి అన్న మమ్మల్నే చూస్తున్నాడు. మర్నాడు మేనేజర్ అన్న దగ్గర తాళాలు తీసుకుని, డాక్టరు పరీక్ష అయ్యేదాకా బండి ఎక్కొద్దన్నారు. అన్న నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"ఏం చెప్పినవ్ చెల్లె?"

"నేనేం చెప్పలే అన్నా. మంచిగనే ఉంటడని చెప్పిన."

"అసలు నా ముచ్చట మీ ఇద్దరి నడుమ ఎందుకొచ్చింది?" నేను నోరు తెరిచేలోపే, "తీ, మీరు మీరు ఒకటి" అని వెళ్లిపోయాడు. ఆయన నోట ఆ మాట వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

మేనేజర్‌ను నిలదీశాను. "కంప్లయింట్ వచ్చిందండీ. ఎవరు చేశారో చెప్పే వీల్లేదు" అన్నారు. ఒక్క ముక్క నమ్మలేదు. బొంతపల్లిలో వయసు మళ్లిన డ్రైవర్లను ఏదో వంక పెట్టి పంపించేశారని విన్నాను. ఇక్కడా అదే మొదలైందనుకున్నాను. నా ఫోన్లు కూడా వింటున్నారేమోనన్న అనుమానంతో రోడ్డు మీదికి వెళ్లి సేటుకు చేశాను. "ఎవరో కిరికిరి చేసిన్రు బేటీ, నేను చూస్త" అన్నారు. ఏమీ చూడలేదు.

ఆదివారం ఇస్మాయిల్‌ఖాన్‌పేట వెళ్లాను. అన్న ఇంట్లో లేడు. వదిన నన్ను చూడగానే లోపలికి పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"నిన్ను తిడుతుండు అమ్మా. నాకు తిండి వోతలేదు," అంది. "నువ్వు కాదు. ఫోన్ చేసింది నేను."

నాకు మొదట అర్థం కాలేదు. అన్నకు షుగర్ ఉందని అందరికీ తెలుసు. కుడి పాదం మొద్దుబారిపోయిన సంగతి మాత్రం ఆమే కనిపెట్టింది.

"నీళ్ల పొయ్యి కాడ కూసున్నడు. నిప్పు కాలి కిందికొచ్చింది. కాలిన వాసన నాకొచ్చింది గని ఆయనకు తెల్వలే. ఆ కాలుతోనే గదా అమ్మా బ్రేకు తొక్కాలె? బండి నిండ గంత అంటుకునే సరుకు. సేటుకు చెప్పిన. షుగర్ ఎవరికి లేదమ్మా అని నవ్విండు. ఇగ ఎవ్వరికి చెప్పాలె? బండి ఇంటి ముందల ఆపినప్పుడు యెనక నంబర్ కనవడ్డది. పేరు చెప్పకుండ చేసిన."

నా చెయ్యి పట్టుకుంది. "ఆయనకు చెప్పకు. నన్ను ఇంట్ల ఉండనియ్యడు."

చెప్పలేదు. డాక్టరు బండి వద్దనే రాశాడు. మేనేజర్ అన్నను యార్డులోనే బండ్లను వరసలో పెట్టించే పనిలో వేశారు. అది దయో, ఇంకేదైనా లెక్కో నాకు ఇప్పటికీ తెలియదు. ఏడాది పాటు డ్రైవర్లు నాతో పనికి మించి మాట్లాడలేదు. అన్న నన్ను చూస్తే మొహం తిప్పుకునేవాడు. ఒక్కోసారి గట్టిగా చెప్పేయాలనిపించేది. వదిన చేతి పట్టు గుర్తొచ్చి ఊరుకునేదాన్ని.

తర్వాత ఆయన కాలికి మేకు గుచ్చుకుంది. తెలియక తిరిగాడు. సంగారెడ్డి ఆసుపత్రిలో వేలు తీసేశారు. మంచం పక్కన కూర్చుని వదిన ఆయనకు అంతా చెప్పిందట.

నెల తర్వాత అన్న కర్ర పట్టుకుని ఆఫీసుకు వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"నీకు ఎరికేనంట గదా?"

"ఎరికే అన్నా."

"గిన్ని దినాలు తిట్టిచ్చుకున్నవ్."

"వదిన చెప్పొద్దన్నది."

అన్న యార్డు వైపు చూశాడు. వీళ్లు కొత్తగా సుల్తాన్‌పూర్‌లో కొన్న ఇంకో ట్రాన్స్‌పోర్ట్ లారీలకు అక్కడ రంగు మారుస్తున్నారు.

"సేటును దేవుడు లెక్క నమ్మిన," అన్నాడు. "ఆయన నవ్విండంట. నా ఇంటిది దొంగలెక్క ఫోన్ చేసిందంట. ఈ సారు తాళాలు గుంజుకుని నా పానం కాపాడిండంట. ఇగ ఎవల మొఖం చూసి ఏమనుకోవాలె చెల్లె?"

నేను టీ తెప్పించాను, చక్కెర వేయొద్దని చెప్పి. అన్న ఒక గుక్క తాగి, గ్లాసు పక్కన పెట్టి, మేనేజర్ గది వైపు చూసి గొంతు తగ్గించాడు.

"వీళ్లతోని మాత్రం నువ్వు జెర పైలంగ ఉండు," అన్నాడు.