కింది నోటి చేప

ఇన్నేళ్లుగా నా ప్రశ్నను ఎవరూ పట్టించుకోలేదు. అడిగి అడిగి అలసిపోయాను.

ఒంగోలు కాలేజీలో మా జువాలజీ మాస్టారు బొటనవేలితో చేప కింది పెదవి నొక్కి నోరు తెరిచి చూపేవారు. "నోరు కిందికుంటే పారే ఏట్లో రాళ్లమీది పాచి గీక్కుని తింటుంది. పైకుంటే నిలవనీటి మీద పురుగుల్ని పడుతుంది," అన్నారొకరోజు.

"మా ఊరి దగ్గర గుండ్లకమ్మ పారడం మానేసిందండి. రాళ్లన్నీ బురదలో కూరుకుపోయాయి. మరి కింది నోటి చేప ఏం తింటుందండి?" అని లేచి అడిగాను.

"ముందు నువ్వు తిన్నావా? కూర్చోవయ్యా!" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వకుండా చేప నోరు మెల్లగా మూశారు.

చాలా ఏళ్లకు బ్రాడీపేటలో ఎదురుపడి, "చేప ఏం తింటుందని అడిగింది నువ్వే కదూ?" అంటూనే ఆటో ఎక్కేశారు.

ఆ చేప మా ఏట్లో ఇప్పుడు కనిపించడం లేదు. మాస్టారూ, ప్రశ్న గుర్తుంచుకున్నారు సరే, జవాబు చెప్పండి.