గోడ మాస్టారి కప్పలు

బడి గేటుకు ఎదురుగా జిరాక్స్ షాపులో కూర్చునేవాడికి ఎవరిమీదా గౌరవం మిగలదు. ఎవరు ఏ కాగితానికి కాపీ తీయించుకుంటారో, ఏ కాగితం తీయించేటప్పుడు చేతులు అడ్డం పెట్టుకుంటారో వాడికి తెలుస్తుంది. అలా నాకు గౌరవం మిగలని వాళ్ళలో మొదటివాడు గోడ మాస్టారు.

ఆ పేరు పిల్లలు పెట్టింది. ఆయన బడిలో పాటలు నేర్పుతాడు, ఏటా ఒక పాటల నాటకం ఆడిస్తాడు. వేషాలు పంచే రోజున సంగీతం గదిలో కుర్చీని గోడవైపు తిప్పుకుని, వీపు ఇటు పెట్టి కూర్చుంటాడు. పిల్లలు ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి రెండు చరణాలు పాడాలి. పేరు చెప్పకూడదు. పాట అయిపోగానే ఆయన తల తిప్పకుండానే "గాలి" అంటాడు, "చెట్టు" అంటాడు, "కప్ప" అంటాడు. ఆ పాడిన పిల్లకు ఆ వేషం ఖాయం. మొహం చూడకుండా, గొంతు మాత్రమే విని ఇస్తాడు కాబట్టి తక్కెడలాంటి మనిషని పేరొచ్చింది.

నాకు ఆ వీపు మీదే అనుమానం. రోజూ తను పాఠం చెప్పే పిల్లల గొంతు, చూడకపోతే మాత్రం గుర్తుపట్టలేడా? పిల్లి కళ్ళు మూసుకున్నంత మాత్రాన పాలగిన్నె ఎక్కడుందో దానికి తెలియదా?

ఆయన పాటగాడిగా మొదలుపెట్టలేదు. నూలు మిల్లులో పనిచేశాడు. యంత్రాల రొదలో పక్కవాడికి వినపడేలా పాడి పాడి ఆ గొంతు తెచ్చుకున్నాడని, మిల్లు మూతపడ్డాక హార్మోనియం చంకన పెట్టుకుని బడి గుమ్మం ఎక్కాడని మా అమ్మ చెప్పేది. ఆ హార్మోనియం తిత్తికి సైకిల్ ట్యూబు ముక్కలతో మాట్లు వేసి ఉంటాయి. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుంటాడు. మాట మాత్రం ఇంకా మిల్లులోనే ఉంది, నా షాపులో నిలబడి "కొంచెం నల్లగా రావాలి బాబూ!" అన్నాడంటే రోడ్డు మీద కుక్క లేచి నిలబడుతుంది. అదే, వెళ్ళిపోతున్న మనిషిని "మాస్టారూ, అసలు కాగితం మర్చిపోయారు" అని నా సన్నగొంతుతో వెనకనుంచి ఎన్నిసార్లు పిలిచినా తిరిగి చూడడు. పరిగెత్తుకెళ్ళి చేతిలో పెట్టాలి. పాటలు రాగానే ఇంత పొగరా అనుకునేవాణ్ణి.

ఈ ఏటి నాటకం, కురవనని మొండికేసిన మబ్బు కథ. గాలి బతిమాలుతుంది, చెట్టు తిడుతుంది, చివరికి మబ్బు కరిగి ఒక పెద్ద పాట పాడుతుంది. కప్పలకు విడిగా పాటేమీ లేదు. అందరూ కలిసి బెకబెకమనడం, స్టేజీ అంతా గెంతడం, అంతే. నేను చూస్తున్నన్నాళ్ళూ ఆయన నాటకాల్లో ఇలాంటి గుంపు ఒకటి ఉంటుంది. ఒకసారి పిచ్చుకలు, ఒకసారి చీమలు. సన్నగా పీలగా పాడే పిల్లలందరూ అందులోకే పోతారు.

మా అక్క కూతురు చిట్టి గిన్నెలు తుడుస్తూ పాడితే పక్క వాటావాళ్ళు టీవీ తగ్గిస్తారు. మబ్బు వేషం దానిదేనని మా ఇంట్లో ఎవరికీ సందేహం లేదు. అక్క పగలంతా ఆసుపత్రిలో నర్సు పనిచేసి వచ్చి, దూదితో మబ్బు చొక్కా ఎలా కుట్టాలో ఆలోచిస్తోంది. నాకు మాత్రం బడి యజమాని మనవరాలు గుర్తొచ్చింది. అదీ అదే తరగతి.

వేషాలు పంచే రోజు కాపీలు ఇచ్చే వంకతో వెళ్ళి సంగీతం గది కిటికీ దగ్గర నిలబడ్డాను. యజమాని మనవరాలు వచ్చింది. దాని బూట్లు కిర్రుకిర్రుమన్నాయి. ఓహో, ఇదా గుర్తు! డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుండే బొంగురు గొంతుతో అది పాడింది. గోడవైపు నుంచి "మబ్బు" అని వినపడింది.

తర్వాత చిట్టి వెళ్ళింది. ఇంట్లో వినే పాట కాదది. సూదిలోకి దారం ఎక్కించినట్టు సన్నగా, ఎక్కడో పైన పట్టుకుని పాడింది. బెదిరిపోయిందనుకున్నాను. పాట అయిపోయింది. మాస్టారు కాసేపు అలాగే కూర్చున్నాడు. గుమ్మం దగ్గరి ఆయా దగ్గింది. అప్పుడు "కప్ప" అన్నాడు. ఆ దగ్గులో ఏదో ఉందని ఆ క్షణమే నా మనసులో పడిపోయింది.

సాయంత్రం చిట్టి ఇంట్లోకి గెంతుకుంటూ వచ్చింది.

"అమ్మా, నేను కప్పని!"

"ఆ గొంతు పెట్టుకుని కప్పేమిటే? నీ మొహం!" అంది అక్క.

"కప్పలే బాగుంటాయమ్మా. స్టేజీ అంతా మాదే. మబ్బయితే స్టూలెక్కి చివరిదాకా కదలకుండా నిలబడాలి. ముక్కు దురదేస్తే గోక్కోకూడదు కూడా."

పిల్ల ఏడుపు దిగమింగి మనకోసం నవ్వుతోందని అక్కకు చెప్పాను. అక్క నమ్మింది. మందుల షాపాయన కొడుకూ కప్పే, పాలు పోసే ఆవిడ కూతురూ కప్పే. ఆ షాపాయన్నీ, పాలావిడనీ నా షాపులో కూర్చోబెట్టి బూట్ల సంగతి, దగ్గు సంగతి చెప్పాను.

"నాకు ముందే తెలుసు. నిప్పు లేందే పొగ వస్తుందా?" అన్నాడు మందుల షాపాయన.

"మీకు ముందే తెలిస్తే ఇన్నాళ్ళూ నోట్లో మాత్ర వేసుక్కూర్చున్నారా?" అంది పాలావిడ.

ముగ్గురం కలిసి యజమాని గదికి వెళ్ళాం. ఆయన మా మాట పూర్తిగా వినకుండానే కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"నా మనవరాలికి నేను ఇప్పించుకున్నానంటారు. అంతేగా?"

"మేమలా అనలేదండీ," అన్నాను. అన్నదదే.

"నాకా మాట అక్కర్లేదు. మళ్ళీ పాడించమంటాను. ఈసారి గోడా లేదు, గీడా లేదు. కుర్చీ ఇటు తిప్పి, నా ముందు, మీ ముందు పంచుతాడు. అసలీ మాస్టారు ఎందుకయ్యా? పక్క బడిలో ఫోనులో పాట పెట్టి పిల్లల చేత పెదాలు ఆడిస్తున్నారు, హాయిగా. ఈయన చెయ్యలేకపోతే మనమూ అదే చేద్దాం."

గోడ లేకపోతే దొంగ దొరుకుతాడని నాకు సంతోషం వేసింది.

రెండోసారి పంచే రోజున యజమాని మొదటి వరసలో కూర్చున్నాడు. మాస్టారు కుర్చీ ఇటు తిప్పాడు. గోడ లేకపోతేనేం, ఆయన కళ్ళు మూసుకున్నాడు. చేతులు మోకాళ్ళమీద పెట్టుకున్నాడు. తప్పు చేసినవాడు ఎదుటివాళ్ళ మొహం చూడలేడని పక్కనున్న పాలావిడ చెవిలో చెప్పాను.

పిల్లలు వరండాలో ఒకరి చెవులు ఒకరు కొరుక్కుంటున్నారు. నేను వెళ్ళగానే చప్పున ఆపేశారు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి పాడారు. విచిత్రం, అందరూ పెద్దవాళ్ళలా గొంతు దించి, గట్టిగా పాడారు. మందుల షాపాయన కొడుకు పొట్ట బిగబట్టి వాళ్ళ నాన్న అరిచినట్టే పాడాడు. ఇదంతా మాస్టారు ముందే నేర్పి పెట్టాడని నాకు తేలిపోయింది. దేనికో మాత్రం అంతుపట్టలేదు.

చిట్టి వచ్చింది. యజమానివైపు ఒకసారి చూసింది. గొంతు దించి, ఇంట్లో గిన్నెల దగ్గర పాడినట్టే పాడింది. మాస్టారు కళ్ళు తెరిచాడు. ఆ పిల్లను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"ఇంకోసారి పాడమ్మా."

పాడింది.

"మబ్బు," అన్నాడు మాస్టారు. యజమాని చప్పట్లు కొట్టాడు. ఆయన మనవరాలికి చెట్టు వచ్చింది. అది వరండాలో స్తంభం వెనక్కి వెళ్ళి ఏడ్చింది.

దొంగ దొరకలేదు గానీ, మాకు కావలసింది దొరికింది. నేను మిఠాయి కొనుక్కుని ఇంటికి వెళ్ళాను. చిట్టి గోడకు జేరబడి, పొట్లం వైపు చూడకుండా కూర్చుంది.

"నాకొద్దు ఆ మబ్బు. నీవల్లే వచ్చింది."

"నావల్లా? నీ గొంతువల్ల వచ్చింది."

"మొన్న కప్ప కూడా నా గొంతువల్లే వచ్చింది మావయ్యా. కావాలనే సన్నగా పాడాను."

నాకు అర్థం కాలేదు. అది నావైపు, ఏమీ తెలియనివాడికి చెప్పక తప్పదన్నట్టు చూసింది.

"మాస్టారికి సన్న గొంతు వినపడదు. మిల్లులో చెవులు పోయాయట. లావు గొంతే వినపడుతుంది. అది మా పిల్లలందరికీ తెలుసు. పెద్ద వేషం కావాలంటే లావుగా పాడతాం, గెంతాలంటే సన్నగా పాడతాం. పాట అయిపోయిందని ఆయనకు తెలీకపోతే ఆయా దగ్గుతుంది. ఎప్పుడూ అంతే."

"మరి ఇవాళ?"

"ఇవాళ పెద్దసారు ఉన్నారుగా! మేం సన్నగా పాడి, మాస్టారికి వినపడక తెల్లమొహం వేస్తే? ఆయన్ని పంపించేసి ఫోనులో పాట పెట్టేస్తారట. అందుకే అందరం లావుగా పాడదామనుకున్నాం." మిఠాయి పొట్లం అవతలికి తోసింది. "అందరం లావుగా పాడితే మబ్బు నాకొస్తుందని నేనేం కలగన్నానా? మబ్బు ఆ అమ్మాయికే కావాలి. అది రోజూ ఇంట్లో స్టూలెక్కి నిలబడుతుందట."

అక్క వంటగది గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది. "వెళ్ళి మార్పించుకురా. ఊరంతా తిరిగి తెచ్చింది నువ్వేగా!" అంది.

మర్నాడు బడి అయ్యాక మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య తలుపు తీసింది. లోపల మాస్టారు హార్మోనియం తిత్తికి జిగురు రాస్తున్నాడు. ఆవిడ పిలవలేదు. వెళ్ళి భుజం తట్టింది. నాకు తెలియకుండానే నేను గొంతు దించాను.

"మాస్టారూ, మా చిట్టికి కప్ప వేషమే ఇప్పించండి. మబ్బు ఆ అమ్మాయికే ఉండనివ్వండి."

ఆయన జిగురు పుల్లను జాగ్రత్తగా డబ్బా అంచుమీద పెట్టాడు.

"మొన్న కప్ప ఇస్తే నలుగుర్ని పోగేసి యజమాని దగ్గరికి వెళ్ళావు. ఇవాళ మబ్బు ఇస్తే కప్ప కావాలంటున్నావు. ఏమిటయ్యా నీ మతలబు?"

"మతలబేం లేదండీ. పిల్లకు గెంతడం ఇష్టం."

"ఇన్నాళ్ళకు తెలిసిందా? యజమాని పంపాడా నిన్ను? మనవరాలికి తిరిగి ఇప్పించమన్నాడా? సూటిగా చెప్పు."

"లేదండీ, ఒట్టు."

"ఒట్లెందుకు? కారణం చెప్పు చాలు."

కారణం నా నాలుక చివర ఉంది. చెబితే, తన చెవుల సంగతి బడిలో పిల్లలందరూ ఎరుగుదురని ఈ మనిషికి తెలిసిపోతుంది. ఆయన భార్య వెనకనుంచి నన్నే చూస్తోంది. చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపిందో, ఈగను తోలుకుందో, ఇప్పటికీ తేల్చుకోలేదు.

"కారణం లేదండీ," అన్నాను.

"ఆ పిల్ల గొంతులాంటిది నేనిన్నేళ్ళలో వినలేదు," అన్నాడు మాస్టారు. ఆ ఒక్క మాటా మెల్లగా అన్నాడు. తర్వాత మళ్ళీ మిల్లులోకి వెళ్ళిపోయాడు. "నీలాంటివాళ్ళ ఎత్తులకు దాన్ని బలిపెట్టను. మబ్బు అదే. ఇక నడువు!"

చిట్టి ఇప్పుడు రోజూ స్టూలెక్కి కదలకుండా నిలబడుతోంది. నాతో మాట్లాడటం లేదు. మాస్టారు నా షాపుకు రావడం మానేసి, సందు చివరి షాపులో కాపీలు తీయించుకుంటున్నాడు. ఎదురుపడితే కాగితాలు గుండెకు అదుముకుని, జేబుదొంగను చూసినట్టు నన్ను చూస్తూ దాటిపోతాడు.